ఆన్‌లైన్ డిగ్రీతో ఉద్యోగం వస్తుందా? చేరకముందే తేల్చుకునే పద్ధతి

ఇంటర్ ఫలితాలు రాగానే నల్గొండ, మహబూబ్‌నగర్ బస్టాండ్ల చుట్టూ గోడలు పోస్టర్లతో నిండిపోతాయి. ‘ఇంట్లో కూర్చునే డిగ్రీ’, ‘ఉద్యోగం చేస్తూనే ఎంబీఏ’, ‘వన్ సిట్టింగ్‌లో డిగ్రీ’. మూడూ ఒకే పోస్టర్ మీద ఉంటాయి. మొదటి రెండూ సరైన యూనివర్సిటీ నుంచి చేస్తే చెల్లుతాయి. మూడోది, అంటే ఒక్కసారి పరీక్ష రాస్తే పాత తేదీతో డిగ్రీ ఇప్పిస్తామనేది, ఎవరి దగ్గర చేసినా ఏదో ఒక రోజు మెడకు చుట్టుకుంటుంది.

‘ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉందా?’ అని అడిగితే ఉంది అనో, లేదు అనో ఒక్క ముక్కలో చెప్పేవాళ్ల మాట పట్టుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలు భర్తీ చేసే టీజీపీఎస్సీ చూసే చూపు వేరు, గచ్చిబౌలి ఐటీ కంపెనీ చూపు వేరు, జడ్చర్ల ఫార్మా కంపెనీ చూపు వేరు. అందుకే ఏ ఉద్యోగం కావాలో ముందు అనుకోండి. ఆ ఉద్యోగానికి పోయినేడు వచ్చిన ప్రకటన తీసి, అర్హతల పేరా అక్షరం అక్షరం చదవండి. డిగ్రీ ఎక్కడ చేయాలన్నది ఆ తర్వాతి మాట. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఫీజు కట్టి, మూడేళ్లు చదివి, అప్పుడు నోటిఫికేషన్ చదువుతారు.

దోస్త్ వేరు, దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు

దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ప్రవేశ విధానం. అందులో దరఖాస్తు, వెబ్ ఆప్షన్లు, సీటు అన్నీ ఆన్‌లైనే. చదువు మాత్రం కాలేజీకి వెళ్లి చదివే రెగ్యులర్ చదువు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో ఎక్కువమంది చేరేది ఈ దారిలోనే. ఉద్యోగ దరఖాస్తులో దీన్ని ‘ఆన్‌లైన్’ అని టిక్ చేస్తే మీ నష్టం మీరే కొని తెచ్చుకున్నట్టు. అక్కడ పెట్టాల్సింది ‘రెగ్యులర్’ లేదా ‘ఫుల్ టైమ్’.

దూరవిద్య మనకు కొత్త కాదు. డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. 1985లో జాతీయ స్థాయి ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో వచ్చింది. పుస్తకాలు ఇస్తారు, స్టడీ సెంటర్‌లో కొన్ని క్లాసులు ఉంటాయి, పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాలి.

ఆన్‌లైన్ డిగ్రీలో పాఠాలు, అసైన్‌మెంట్లు, సందేహాలు అన్నీ యూనివర్సిటీ పోర్టల్‌లోనే నడుస్తాయి. ఇంటర్నల్స్‌కు 30 శాతం మార్కులు మించకూడదు, సెమిస్టర్ చివరి పరీక్షకు కనీసం 70 శాతం ఉండాలి. ఆ పరీక్ష కొన్ని చోట్ల కెమెరా నిఘాలో ఇంటి నుంచి రాయిస్తారు, కొన్ని చోట్ల సెంటర్‌కు పిలుస్తారు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ బీఎస్ కోర్సులో పాఠాలు ఆన్‌లైన్, పరీక్షలు సెంటర్‌లో. ఉద్యోగమిచ్చేవాళ్లు సెంటర్‌లో రాసిన పరీక్షను ఎక్కువ నమ్ముతారు. రెండు కోర్సుల మధ్య ఊగిసలాడుతుంటే సెంటర్ పరీక్ష ఉన్నదాని వైపే మొగ్గండి.

ఇంకో తేడా మన ఊళ్లకు బాగా అవసరం. రాష్ట్ర స్థాయి యూనివర్సిటీ దూరవిద్యను తన రాష్ట్రం హద్దు దాటి నడపకూడదు. ఆన్‌లైన్ కోర్సుకు ఆ హద్దు లేదు. కాబట్టి ఎక్కడో ఉత్తరాది ప్రైవేటు యూనివర్సిటీ పేరుతో దేవరకొండలోనో, నాగర్‌కర్నూల్‌లోనో ‘దూరవిద్య స్టడీ సెంటర్’ బోర్డు కనిపిస్తే ఆ బోర్డే అనుమానించదగ్గది.

చట్టం ఎంతవరకు మీ వైపు ఉంది

యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020 సెప్టెంబర్ 4న ఓపెన్, దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలు తెచ్చింది. గుర్తింపు ఉన్న సంస్థ ఈ పద్ధతుల్లో ఇచ్చే డిగ్రీ, పీజీలు రెగ్యులర్ డిగ్రీ, పీజీలతో సమానమని అందులోని 22వ నిబంధన చెబుతుంది. 2022 సెప్టెంబర్‌లో యూజీసీ ఇదే మాటను మళ్లీ విడిగా ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు దూరవిద్య డిగ్రీల గుర్తింపుపై 2015 జూన్ 10 నాటి నోటిఫికేషన్ ఉంది. కేంద్ర ఉద్యోగాలు భర్తీ చేసే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) ప్రకటనల్లో దాని ప్రస్తావన కనిపిస్తుంది.

ఇదంతా అన్ని కోర్సులకూ వర్తించదు. ఇంజినీరింగ్, మెడిసిన్, డెంటల్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, లా, ఆర్కిటెక్చర్, అగ్రికల్చర్, హోటల్ మేనేజ్‌మెంట్ వంటివి ఈ పద్ధతిలో చేయడానికి వీల్లేదు. పీహెచ్‌డీ కూడా అంతే. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ లాంటి ఆరోగ్య రంగ కోర్సులనూ ఆపేశారు. బీఈడీ విషయంలో మరీ జాగ్రత్త. ఇప్పటికే పనిచేస్తున్న టీచర్లకు, టీచర్ కోర్సులను నియంత్రించే ఎన్‌సీటీఈ అనుమతితో దూరవిద్యలో బీఈడీ ఉంది గాని, ఫోన్‌లో పాఠాలు చూసి చేసే ‘ఆన్‌లైన్ బీఈడీ’ అంటూ ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోండి. డీఎస్సీ రాసి ర్యాంకు తెచ్చుకున్నాక సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోతే ఆ బాధ తీర్చేవాళ్లు ఉండరు.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు చూపించింది. యూనివర్సిటీ హోదా పొందిన కొన్ని సంస్థలు, అంటే డీమ్డ్ యూనివర్సిటీలు, అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లకుండా పోయాయి. ఆ డిగ్రీలు చూపించి ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లకూ ఆ దెబ్బ తగిలింది.

ఎవరు ఎట్లా చూస్తారు

ప్రభుత్వ ఉద్యోగాలతో మొదలుపెడదాం, మన జిల్లాల్లో ఎక్కువమంది అడిగేది వీటి గురించే. గ్రూప్-2, గ్రూప్-3, గ్రూప్-4, ఎస్సై పోస్టులకు అడిగేది గుర్తింపు పొందిన యూనివర్సిటీ డిగ్రీ. ఏ పద్ధతిలో చదివారన్నది అడ్డు కాదు. కాకపోతే టీజీపీఎస్సీ ప్రకటనల్లో ఒక పేరా ఉంటుంది, దాన్ని దాటేసి పోవద్దు: ఓపెన్ లేదా దూరవిద్యలో చేసిన డిగ్రీకి చట్టబద్ధమైన సంస్థ గుర్తింపు ఉండాలి, ఆ గుర్తింపు ఉందని నిరూపించాల్సిన బాధ్యత అభ్యర్థిదే. అంటే వెరిఫికేషన్ రోజు ‘మా యూనివర్సిటీకి గుర్తింపు ఉంది సార్’ అంటే చాలదు, కాగితం చూపించాలి. ఆ కాగితాన్ని చేరిన రోజే దాచుకునే పద్ధతి కింద చెబుతాం.

అర్హత నోటిఫికేషన్ తేదీ నాటికే ఉండాలన్నది రెండో మెలిక. కొన్ని యూనివర్సిటీలు ఆఖరి సెమిస్టర్ ఫలితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇవ్వడానికి నెలలు తీసుకుంటాయి. ప్రొవిజనల్ మీద తేదీ నోటిఫికేషన్ తర్వాతిదైతే ఆ ఏడు పోయినట్టే. చేరేముందు గత బ్యాచ్‌కు ఫలితాలు ఏ నెలలో ఇచ్చారో అడగండి.

బయటి రాష్ట్రం యూనివర్సిటీలో ఆన్‌లైన్ డిగ్రీ చేస్తే ఉద్యోగాల్లో లోకల్ హోదా పోతుందేమోనని చాలామందికి భయం. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు లోకల్ లెక్క ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే, అందులో కనీసం నాలుగేళ్లు లెక్కకు వస్తాయి. నారాయణపేటలో ఏడో తరగతి దాకా చదివిన అమ్మాయి బెంగళూరు యూనివర్సిటీ నుంచి ఆన్‌లైన్ డిగ్రీ తెచ్చుకున్నా జోగులాంబ జోన్ లోకలే. నల్గొండ, సూర్యాపేట పిల్లలు అట్లాగే యాదాద్రి జోన్. ఇంజినీరింగ్, ఎంబీఏ వంటి కోర్సుల సీట్లకు లోకల్ లెక్క వేరుగా ఉంటుంది, రెంటినీ కలపొద్దు.

ఐబీపీఎస్ ద్వారా వచ్చే బ్యాంకు ఉద్యోగాలకూ గుర్తింపు పొందిన డిగ్రీ చాలు. రాత పరీక్ష మార్కులు, ఇంటర్వ్యూ ఉన్న పోస్టులకు ఆ మార్కులు కూడా తేలుస్తాయి. ఇంట్లో ఉండి కోచింగ్‌తో పాటు డిగ్రీ పూర్తి చేయాలనుకునేవాళ్లకు ఆన్‌లైన్, దూరవిద్య బాగా సరిపోయే చోటు ఇదే.

ఐటీ దగ్గర కథ మారుతుంది. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు చాలా ప్రకటనల్లో ‘ఫుల్ టైమ్ కోర్సులు మాత్రమే’ అని రాస్తాయి. పది, ఇంటర్, డిగ్రీ అన్నిట్లో 60 శాతం, చదువులో ఇంత గ్యాప్ మించకూడదు, బ్యాక్‌లాగ్ ఉండకూడదు అనే షరతులు కూడా అక్కడే ఉంటాయి. యూజీసీ సమానమంది కదా అని వాదించే వీలు లేదు. ఆ నిబంధన డిగ్రీకి విలువనిచ్చింది, ప్రైవేటు కంపెనీ తన వడపోత తాను పెట్టుకోకుండా ఆపలేదు. వేల దరఖాస్తులను సాఫ్ట్‌వేరే ఏరేస్తుంది, మీ ప్రతిభ చూడటానికి మనిషి దాకా ఫైల్ చేరదు. ఇంటర్ అయిపోయిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఇలాంటి కంపెనీయే కావాలంటే దోస్త్‌లో రెగ్యులర్ బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, లేదా ఎప్‌సెట్‌తో బీటెక్ చేయడమే దారి.

చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు, స్టార్టప్‌లు, హైదరాబాద్ బీపీవోలు, నల్గొండ, దివిటిపల్లి ఐటీ టవర్లలో పనిచేసే సంస్థల లాంటివాటిలో వడపోత ఇంత గట్టిగా ఉండకపోవచ్చు. అక్కడ ‘ఏం చేయగలవు?’ అన్న ప్రశ్నే ముందు వస్తుంది. ఆన్‌లైన్ బీసీఏతో పాటు గిట్‌హబ్‌లో (ప్రోగ్రాం కోడ్ పెట్టి చూపించే సైట్) నాలుగు పనిచేసే ప్రాజెక్టులు ఉన్నవాళ్లకు రెగ్యులర్ డిగ్రీ మాత్రమే ఉండి ప్రాజెక్టు లేనివాళ్ల కంటే మంచి అవకాశం ఉంటుంది.

పోలేపల్లి సెజ్, చౌటుప్పల్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీలకు వెళ్లాలనుకునేవాళ్లు ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో మొదటి రోజు నుంచే పిపెట్ పట్టాలి, టైట్రేషన్ చేయాలి, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దగ్గర నిలబడాలి, రీడింగ్ చూసిన వెంటనే లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. ఇంటర్వ్యూలో అడిగేవి కూడా ఇవే: నార్మాలిటీకి మోలారిటీకి తేడా ఏంటి, బఫర్ ఎట్లా తయారుచేస్తారు, మొబైల్ ఫేజ్ అంటే ఏంటి. ల్యాబ్ చూడకుండా కెమిస్ట్రీ చదివితే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఈ రంగం కావాలంటే ల్యాబ్ ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేయండి, ఆ పైన పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి వెళ్లండి. అదే కంపెనీలో హెచ్‌ఆర్, అకౌంట్స్, స్టోర్స్, కొనుగోళ్ల విభాగాలకు ఆన్‌లైన్ బీకాం, ఎంబీఏ అడ్డం రావు.

హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీల ఆఫీసులు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, ఫైనాన్స్ కంపెనీలు, ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లు, ఆటోమొబైల్ షోరూములు డిగ్రీ పద్ధతి గురించి పెద్దగా పట్టించుకోవు. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్ వస్తాయా, తెలుగు, ఉర్దూ మాట్లాడే కస్టమర్‌తో నడిపించగలరా అని చూస్తాయి. ప్రైవేటు స్కూళ్లు మాత్రం బీఈడీ అడుగుతాయి.

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి ప్రమోషన్ కోసం చదివేవాళ్లకు ఆన్‌లైన్ డిగ్రీ చాలా మంచి పని చేస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఉద్యోగం చేసిన తేదీలు, రెగ్యులర్ డిగ్రీ తేదీలు ఒకేసారి వస్తే ‘ఫ్యాక్టరీలో షిఫ్ట్ చేస్తూ కాలేజీకి ఎట్లా వెళ్లావు?’ అని కొత్త కంపెనీ అడుగుతుంది, ఎక్స్‌పీరియన్స్ లెటరో, డిగ్రీయో ఒకటి అబద్ధమనుకుంటుంది. ఆన్‌లైన్ డిగ్రీ ఉంటే ఆ అనుమానానికే తావు లేదు. ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం చేరకముందే శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

చేరేముందు చేయాల్సిన తనిఖీ

ప్లాటు కొనేముందు అప్పులు, అమ్మకాలు చూపే ఈసీ తీసి చూసుకున్నట్టే, ఫీజు కట్టేముందు ఈ వరుసలో చూసుకోండి. ఒక పూట పని.

1. యూజీసీ దూరవిద్య విభాగం, అంటే డెబ్ వెబ్‌సైట్ తెరవండి. ఏ సెషన్‌కు ఏ యూనివర్సిటీకి ఏ కోర్సుకు అనుమతి ఉందో అక్కడ జాబితా ఉంటుంది. సెషన్లు ఏటా రెండు: జూలై-ఆగస్టు, జనవరి-ఫిబ్రవరి. మీరు చేరబోయే సెషన్ జాబితాలో చూడాలి, పోయినేటి జాబితా పనికిరాదు.

2. యూనివర్సిటీ పేరు కనిపించగానే సంతోషపడి ఆగొద్దు. మీ కోర్సు పేరు కూడా ఉందా చూడండి. ఒక యూనివర్సిటీకి ఎంబీఏకు అనుమతి ఉండి బీసీఏకు లేకపోవచ్చు.

3. పద్ధతి చూడండి. దూరవిద్యకు అనుమతి వేరు, ఆన్‌లైన్‌కు వేరు. దూరవిద్య జాబితాలో ఉన్న కోర్సును ఆన్‌లైన్ అని అమ్మితే ఆ డిగ్రీకి అనుమతి లేనట్టే.

4. డీమ్డ్ యూనివర్సిటీలో ఎంబీఏ, ఎంసీఏ అయితే సాంకేతిక, మేనేజ్‌మెంట్ కోర్సులను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి కూడా ఉందా అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

5. ఆ పేజీ మొత్తాన్ని, పైన వెబ్ చిరునామా, తేదీ కనిపించేట్టు పీడీఎఫ్‌గా దాచుకుని, ఒక ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టండి. టీజీపీఎస్సీ ముందు మీ బాధ్యత అన్నారే, అప్పుడు చేతిలో ఉండాల్సింది ఇదే. మూడేళ్ల తర్వాత ఆ సెషన్ జాబితా సైట్‌లో సులువుగా దొరక్కపోవచ్చు.

6. విద్యార్థి మార్కుల క్రెడిట్లు దాచే ప్రభుత్వ ఖాతా, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ తీసుకుని, దాంతో డెబ్ పోర్టల్‌లో మీ సొంత డెబ్ ఐడీ మీరే సృష్టించుకోండి. 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాలంటే ఇది తప్పనిసరి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా లేకపోతే ముందు ఆధార్ సరిచేయించుకోండి. ఇంటిపేరు ఒక దాంట్లో పూర్తిగా, ఒక దాంట్లో పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే, తర్వాత ఇబ్బంది పెట్టేది కూడా అదే. డెబ్ ఐడీ అవసరం లేదని చెప్పే ఏజెంట్ దగ్గర ఇంకో మాట మాట్లాడకుండా లేచి రండి.

7. ఫీజు యూనివర్సిటీ ఖాతాలోకే వెళ్లాలి. మధ్యలో ఉన్న యాప్ కంపెనీ ‘నెలవారీ కట్టొచ్చు’ అని ఓటీపీ అడిగితే అది చాలాసార్లు మీ పేరు మీద తీసే లోన్. చదువు మానేసినా కిస్తీ ఆగదు, అప్పు తీర్చిన చరిత్ర చూపే సిబిల్ స్కోరు పాడవుతుంది. డిగ్రీ ఇచ్చే హక్కు ఏ యాప్‌కూ లేదు. కోర్సుల ఫ్రాంచైజీలు చెల్లవని 2022 జనవరిలో యూజీసీ, ఏఐసీటీఈ రెండూ హెచ్చరించాయి.

ఇంకో మాట, డబ్బు గురించి. రెగ్యులర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్, బస్ పాస్, హాస్టల్ ఉంటాయి. ఆన్‌లైన్ కోర్సుకు వీటి మీద ఆశ పెట్టుకోకుండా లెక్క వేసుకోండి. ప్రభుత్వ కాలేజీలో సీటు ఉండి, ఇంట్లో వెళ్లనిచ్చే పరిస్థితి ఉంటే ఇంటర్ అయిన పిల్లలకు రెగ్యులరే మేలు. కాలేజీకి పంపడం కుదరని అమ్మాయి ఉన్న ఇల్లు, కుటుంబం మోస్తూ పని చేస్తున్న అబ్బాయి, పెళ్లయ్యాక చదువు మొదలుపెట్టే ఆడబిడ్డ, వీళ్లకు చదువు ఆగిపోవడం కంటే ఆన్‌లైన్ డిగ్రీ ఎంతో నయం. అట్లాంటి చోట దీన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు.

వన్ సిట్టింగ్ ఎందుకు పట్టుబడుతుంది

‘అన్నా, ఒక్కసారి వచ్చి పరీక్ష రాస్తే చాలు, పాత తేదీతో ఇప్పిస్త’ అనే మాట అచ్చంపేట నుంచి కోదాడ దాకా వినిపిస్తుంది. డిగ్రీకి మూడేళ్లు పడుతుంది, దాన్ని ఒక్క రోజులో ఇచ్చే చట్టం ఏదీ లేదు. పట్టుబడే దారులు చాలా ఉన్నాయి. కంపెనీ నియమించిన వెరిఫికేషన్ సంస్థ హాల్‌టికెట్ నంబర్‌తో యూనివర్సిటీకే రాస్తుంది. డిజీలాకర్‌లో మార్కుల రికార్డు ఉండదు. చదివానని చెప్పిన సంవత్సరాల్లోనే గల్ఫ్‌లోనో, పుణెలోనో ఉన్నట్టు పాస్‌పోర్టు, పీఎఫ్ రికార్డు చెబుతాయి. ప్రభుత్వ ఉద్యోగంలో దొరికితే ఉద్యోగం పోవడంతో ఆగదు, క్రిమినల్ కేసు అవుతుంది. సర్టిఫికెట్ అమ్మినవాడు అప్పటికి షట్టర్ మార్చేసి ఉంటాడు.

ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీ ఇప్పిస్తామనేవాళ్లూ ఉన్నారు. పది, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉండాలని అడిగే ప్రకటనల్లో అది చెల్లదు. చదువు మధ్యలో ఆగినవాళ్లు ముందు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారానో, జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ద్వారానో ఇంటర్ పూర్తి చేసి ఆ తర్వాతే డిగ్రీకి రండి.

చదివేటప్పుడు కూడబెట్టుకోవాల్సినవి

ఆన్‌లైన్ డిగ్రీ చదివినవాళ్ల మీద యజమానులకు ఉండే అనుమానాలు మూడు: పరీక్ష నిజంగా వీళ్లే రాశారా, పదిమందితో కలిసి పని చేయగలరా, గడువు పెడితే ముగించగలరా. వీటికి మాటలతో జవాబు చెప్పలేరు, చేసిన పని చూపించాలి.

బీకాం వాళ్లు రెండో ఏడు నుంచే ఊళ్లో ఒక ఆడిటర్ దగ్గరో, ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరో రోజుకు రెండు గంటలు కూర్చోండి. ఆరు నెలలు జీఎస్‌టీఆర్-1, 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేసే పని చూస్తే, ఇంటర్వ్యూలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ గురించి అడిగినా తడబడరు. జీతం ఇవ్వకపోయినా చేసిన పని, తేదీలు రాసి సంతకం పెట్టిన లెటర్ తీసుకోండి. బీసీఏ వాళ్లు మార్కెట్ యార్డు ధరలు చూపించే చిన్న యాప్, కిరాణా కొట్టు ఉద్దెర లెక్కల ప్రోగ్రాం లాంటి నిజంగా ఎవరో ఒకరు వాడే ప్రాజెక్టు ఒక్కటైనా పూర్తిచేయండి. వాడినవాళ్లు చెప్పిన లోపం ఏంటి, దాన్ని ఎట్లా సరిచేశారో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడటానికి సరిపోయేది అదే.

మార్కులు 60 శాతం కిందికి పోనివ్వొద్దు. ఇంటర్నల్స్ ఆలస్యంగా పెట్టి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ, ఆఖరి రోజు రాత్రి సర్వర్ మొరాయిస్తుంది. కెమెరా నిఘా పరీక్షకు ఫోన్ నెట్‌ను నమ్ముకోవద్దు. ఊళ్లో కరెంటు, నెట్ నిలకడగా లేకపోతే ముందే టౌన్‌లో బంధువుల ఇంట్లో గది చూసుకోండి. పరీక్ష మధ్యలో ఇంకొకరు ఫ్రేమ్‌లోకి వస్తే పేపర్ రద్దయ్యే ప్రమాదం ఉంది.

డిగ్రీ తర్వాత ప్రవేశ పరీక్ష టీజీ ఐసెట్ రాసి రెగ్యులర్ ఎంబీఏ, ఎంసీఏ చేసే దారి కూడా ఉంది. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీ దానికి పనికొస్తుంది. ఎంసీఏకు మ్యాథ్స్ షరతు ఉందేమో ఆ ఏడు ప్రకటనలో చూసుకోండి. చివరి చదువు క్యాంపస్‌లో చేస్తే చాలా కంపెనీల దగ్గర మాట తేలికవుతుంది. పది నుంచి అన్నీ ఫుల్ టైమే కావాలనే కంపెనీల తలుపు మాత్రం దీంతో కూడా తెరుచుకోదు.

ఫారం, రెజ్యూమె, ఇంటర్వ్యూ

కొందరు ‘మెమో మీద ఆన్‌లైన్ అని ఉండదు, ఎవరికీ తెలియదు’ అని చెబుతారు. మెమోను తిప్పి వెనక చూడండి. చదువు పద్ధతి, చేరిన తేదీ, పూర్తయిన తేదీ, పరీక్షా కేంద్రం వివరాలు డిగ్రీ, మార్కుల మెమోల వెనక ముద్రించాలని యూజీసీ నిబంధనే ఉంది. కాబట్టి దరఖాస్తులో పద్ధతి అడిగిన గడిలో ఉన్నదే పెట్టండి. ‘ఫుల్ టైమ్’ అని పెడితే ఆఫర్ లెటర్ వచ్చాక, కొన్నిసార్లు చేరిన రెండు నెలలకు వెరిఫికేషన్ రిపోర్టులో తేడా బయటపడుతుంది. ఆన్‌లైన్ డిగ్రీ అని ముందే తెలిసి తీసుకునే కంపెనీ కూడా అబద్ధం చెప్పారని తెలిస్తే పంపేస్తుంది.

రెజ్యూమెలో ఫారం అడగకపోతే పద్ధతి రాయాల్సిన పని లేదు. యూనివర్సిటీ పేరు, డిగ్రీ, సంవత్సరాలు, శాతం చాలు. అడిగితే దాచొద్దు. డిగ్రీ పైన, అంటే పేజీ మొదట్లో, మీరు చేసిన పని రాయండి.

ఇంటర్వ్యూలో ‘రెగ్యులర్ ఎందుకు చేయలేదు?’ అన్న ప్రశ్న వస్తుందనే అనుకుని వెళ్లండి. ఇంటి కష్టాలు ఏకరువు పెట్టొద్దు, సంజాయిషీ చెబుతున్నట్టూ ఉండొద్దు. ఇట్లా చెప్పొచ్చు: ‘సార్, ఇంటర్ తర్వాత మా నాన్నతో పాటు ఎరువుల షాపు చూసుకున్నాను. రోజూ స్టాక్, ఉద్దెర లెక్కలు నావే. అందుకే ఆన్‌లైన్‌లో బీకాం చేశాను, 68 శాతం వచ్చింది. పరీక్షలు హైదరాబాద్ సెంటర్‌లో రాశాను. షాపు లెక్కలన్నీ ట్యాలీలోకి నేనే మార్చాను.’ ఇందులో కారణం ఒక్క వాక్యం, మిగిలిందంతా పని. మూడు అనుమానాలకూ జవాబు అందులోనే ఉంది.

జాబ్ మేళాకు వెళ్తే స్టాల్ దగ్గర లైన్‌లో నిలబడకముందే ‘ఆన్‌లైన్ డిగ్రీ తీసుకుంటారా సార్?’ అని అడిగేయండి. వద్దంటే ఆ గంట ఇంకో స్టాల్‌కు మిగులుతుంది.

ఫైల్‌లో ఉండాల్సినవి: పది, ఇంటర్ మెమోలు, సెమిస్టర్ మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ఒకటి నుంచి ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు, డెబ్ జాబితా ప్రింట్, డెబ్ ఐడీ కాగితం, ఫీజు రసీదులు, యూనివర్సిటీ నుంచి వచ్చిన అడ్మిషన్ ఈమెయిల్. ఓడీకి ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తే పాస్ అయిన నెలలోనే పెట్టండి. డిజీలాకర్‌లో డిగ్రీ కనిపిస్తోందా చూడండి, లేకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఈమెయిల్ పెట్టి ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

ఇప్పటికే తప్పు చోట చేరి ఉంటే

ముందు మీరు చేరిన సెషన్ జాబితా చూడండి. ఆ సెషన్‌కు అనుమతి ఉండి తర్వాతి ఏడాది తీసేస్తే కంగారు పడొద్దు, అప్పటి అనుమతితో చేరినవాళ్ల సంగతి వేరు. యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని పెట్టుకోండి. చేరిన సెషన్‌కే అనుమతి లేకపోతే ఇంకో సెమిస్టర్ ఫీజు కట్టకండి. ఇప్పటికే పెట్టిన డబ్బు పోతుందన్న బాధతో మిగతాది కూడా పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. రసీదులు, చాటింగ్, పోస్టర్ ఫోటో దగ్గర పెట్టుకుని డెబ్‌కు, పోలీసులకు ఫిర్యాదు చేయండి. తర్వాతి సెషన్‌లోనే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో, గుర్తింపు ఉన్న ఇంకో చోటో మొదటి సంవత్సరంలో చేరండి. పాత మెమో ఎక్కడా చూపించొద్దు, రెజ్యూమెలోంచి తీసేయండి. 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చు, రెండూ రెగ్యులర్ అయితే మాత్రం ఒకే సమయానికి క్లాసులు పడకూడదు. కాబట్టి సందేహంలో ఉన్న కోర్సు సంగతి తేలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.